గేటు పడితే మాకు పండగ

మా ఆయన ఒక సాయంత్రం ఆసుపత్రి నుంచి వస్తూ స్కూటరు మీద కాళ్ల దగ్గర పెద్ద అట్టపెట్టె ఒకటి పెట్టుకుని వచ్చారు. పుదుచ్చేరిలో గోరిమేడు పెద్దాసుపత్రి ల్యాబులో ఆయన ఉద్యోగం. మా మిక్సీ అప్పటికి నెల రోజులుగా మూలుగుతోంది కాబట్టి కొత్త మిక్సీ తెచ్చారనుకున్నాను. ఆయన చేతులైనా కడుక్కోకుండా భోజనాల బల్ల మీది గిన్నెలు ఒక పక్కకి జరిపి, పెట్టె విప్పి, పట్టాల ముక్కలు ఒకదానికొకటి తగిలించి, చిన్న ఇంజనూ దాని వెనక మూడు పెట్టెలూ పెట్టి మీట తిప్పారు. రైలు మా సాంబారు గిన్నె చుట్టూ తిరిగింది.

నలభై దాటిన మనిషి మొహం అంతలా వెలగడం పెళ్లయ్యాక అది రెండోసారి. మొదటిసారి ఎప్పుడని అడక్కండి, అదీ నన్ను చూసి కాదు.

మేమిద్దరం యానాం వాళ్లం. మా ఊరికి రైలు లేదు, రైలెక్కాలంటే కాకినాడ పోవాలి. చిన్నప్పుడు ఆయనకి రైలంటే ఏడాదికోసారి దొరికే వస్తువు. నాకు పుదుచ్చేరిలో ప్రభుత్వ కార్యాలయంలో పోస్టింగు వచ్చినప్పుడు, ఆ వెనకే ఆయనకి ఆసుపత్రిలో పని దొరికినప్పుడు, రెడ్డియార్‌పాళయంలో ఒక మేడ మీది వాటా అద్దెకి తీసుకున్నాం. కింద ఇంటావిడ ఉంటుంది. వాళ్లది ఎన్నో తరాల కింద ఈ ఊళ్లో స్థిరపడ్డ తెలుగు వ్యాపార కుటుంబం. బజారులో వాళ్లకి దారాలు, గుండీలు, లేసులు అమ్మే కొట్టుంది. భర్త పోయాక కొట్టు కొడుకు చూసుకుంటున్నాడు. ఆవిడ మాట్లాడే తెలుగులో సగం తమిళం. తెలుగు చదవడం రాదు. నేను పెద్దమ్మా అంటాను, ఆవిడ నన్ను పాపా అని, మా ఆయన్ని తంబీ అని పిలుస్తుంది.

రైలు చప్పుడు విని పెద్దమ్మ పైకొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని, రైలు తిరిగినంతసేపూ తలకాయ తిప్పుతూ చూసింది.

"బాగానే ఉండాది తంబీ. అయితే ఇది యాడికి పోతాది?"

"ఎక్కడికీ పోదు పెద్దమ్మా. ఇలా తిరుగుతూ ఉంటుంది."

"ఊరు లేకుండా రైలేంది? ఎక్కేవాళ్లు యాడ, దిగేవాళ్లు యాడ?"

మా ఆయన నవ్వేశారు. నన్ను మాత్రం ఆ మాట పట్టుకుంది. మర్నాడు ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని, ఆ పట్టాల పక్కన ఏం ఉండొచ్చా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పుదుచ్చేరి అంటే అందరూ సముద్రపు ఒడ్డున పసుపు రంగు గోడలు, కాగితప్పూల తీగలు అంటారు. అవే కట్టమని మా ఆఫీసులో సలహా కూడా ఇచ్చారు. కానీ అక్కడికి రైలు రాదు కదా.

జవాబు మురుంగపాక్కంలో దొరికింది. నిజానికి అక్కడినుంచి తిరిగొస్తుంటే దొరికింది. రైలుకి వేరే బల్ల చేద్దామనుకుని, ఆ వైపు ఒక వడ్రంగి దగ్గర మంచి ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయంటే ఆదివారం పొద్దున వెళ్లాం. చెక్క కోయించుకుని, ఆటోలో వేయించి, మేం స్కూటరు మీద వెనకాలే వస్తుంటే రైల్వే గేటు పడింది. ఎండ మండిపోతోంది. మా ముందు బస్సు, పక్కన కూరగాయల వ్యాను, చుట్టూ లెక్కలేనన్ని స్కూటర్లు. ఒకాయన ఇంజను ఆపకుండా గుర్రుమనిపిస్తూ ఉన్నాడు. ఇద్దరు సైకిళ్లు వంచి గేటు కర్ర కిందనుంచి దూరిపోయారు. బస్సు కండక్టరు కిందికి దిగి వక్కపొడి వేసుకుంటున్నాడు. ఒక స్కూటరు వెనక సీట్లో కూర్చున్నామె దిగకుండానే మల్లెపూలు బేరమాడుతోంది. గొడుగు కింద కొబ్బరిబోండాల ఆవిడ కత్తి దించకుండా కొడుతూనే ఉంది. గేటు పడితే ఆవిడకి గిరాకీ.

నేను మా ఆయన వీపు మీద తట్టాను. "ఏవండీ, మన ఊరు ఇదేనండీ."

"ఏ ఊరు?"

"ఈ గేటు. మొత్తం ఇలాగే కట్టేద్దాం."

ఆయన కుడికీ ఎడమకీ చూశారు. బస్సుని చూశారు, గొడుగుని చూశారు. అద్దంలో నాకు ఆయన కళ్లు కనిపించాయి. రైలు వచ్చి పోయింది, గేటు లేచింది, అందరూ ఒకేసారి హారన్లు కొట్టారు. మేం కదల్లేదు. వెనకవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం మాకు అదే పని. ఊరంతా ఆ గేటు పడకూడదని మొక్కుకుంటూ ఉంటే, మేం పడాలని మొక్కుకుంటూ వెళ్లేవాళ్లం. దూరం నుంచి గంట మోగుతున్నట్టు వినపడితే మా ఆయన స్కూటరు వేగం పెంచేవారు, ఎక్కడ తెరిచేస్తారో అని. గేటు కర్ర మీద ఎరుపూ తెలుపూ పట్టీలు ఎంత వెడల్పున ఉన్నాయో, గేటుమనిషి గది కిటికీ ఏ వైపుకి తెరుచుకుంటుందో, రోడ్డు పట్టాల దగ్గర ఎలా ఉబ్బి ఉంటుందో ఫోన్లో బొమ్మలు తీసేదాన్ని. గేటు తెరిచాక కూడా అక్కడే నిలబడుతున్న మమ్మల్ని చూసి ఒకసారి కొబ్బరిబోండాల ఆవిడ తమిళంలో అడిగింది, "తెరిచారు కదమ్మా, బండి చెడిపోయిందా?" అని. మళ్లీ పడేదాకా ఉంటామని చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, నీళ్లెక్కువున్న బోండాం ఏరి ఇచ్చింది. ఎండదెబ్బ అనుకుని ఉంటుంది.

ఇక కట్టడం. మా రైలు అసలు రైలులో ఎనభై ఏడో వంతు. అంటే మనిషి నా బొటనవేలి గోరు కన్నా కాస్త పొడుగు. ఆ కొలతకి ప్రపంచంలో ఏది పనికొస్తుందా అని చూడడం మొదలుపెడితే, ఇంట్లో ఏ వస్తువూ దాని మానాన అది ఉండదు. టూత్‌పేస్టు అట్టడబ్బా బస్సయింది. గరుకు కాగితం తారురోడ్డయింది. టీ వడపోసే జల్లెడతో ఇసక జల్లించి పట్టాల మధ్య కంకర పోశాను. తులసి వెన్నులు ఎండబెట్టి, కొమ్మలకి ఆకుపచ్చ పొడి అద్దితే వేపచెట్లు తయారయ్యాయి. గోడలకి పెళ్లి శుభలేఖలు. అంత గట్టి అట్ట బజారులో కొన్నా దొరకదు. గేటుమనిషి గది గోడని లోపలివైపు నుంచి చూస్తే ఎవరిదో సుముహూర్తం కనిపిస్తుంది.

కొబ్బరిబోండాల దగ్గర మాత్రం చాలా తిప్పలు పడ్డాను. ముందు పెసలు అతికించాను. కుప్పగా పోసి దూరం జరిగి చూస్తే, ఆ మనిషి పక్కన ఒక్కొక్కటీ గుమ్మడికాయంత ఉంది. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. చివరికి ఆవాలకి ఆకుపచ్చ రంగు వేస్తే కుదిరింది. ఆవాలకి రంగు వేయడమంటే ఏమిటో వేసినవాళ్లకే తెలుస్తుంది.

మనుషులు ఆన్‌లైన్లో కొన్న పొట్లంలో వచ్చారు. విప్పి చూస్తే అందరూ ఏదో మంచు దేశం వాళ్లు. పొడుగు కోట్లు, టోపీలు, చేతుల్లో తోలుపెట్టెలు. ఒకామె మెడకి ఉన్ని శాలువా. పుదుచ్చేరి ఎండలో వీళ్లని ఎలా నిలబెట్టను? పొట్లం పట్టుకుని కిందికి పోయాను. పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కణ్ణీ అరచేతిలో వేసుకుని చూసింది.

"పాపం, వేడికి చచ్చిపోతారు వీళ్లు. ఇట్టా తే."

చిన్న కత్తెరతో, గోరుతో, పెద్దమ్మ ఆ కోట్లన్నీ విప్పేసింది. కోటు అంచు గీకి లుంగీ చేసింది. ఉన్ని శాలువా ఆమెకి పలచటి కాగితం చుట్టి, జిగురు రాసి, చీర కట్టించింది. కుచ్చెళ్లు కూడా ఉన్నాయి ఆ చీరకి. టోపీలని హెల్మెట్లు చేద్దామంటే ఒప్పుకోలేదు.

"మనూర్లో హెల్మెట్ తలకాయకి ఎవుడు పెడతాడు? చేతికి తగిలించు."

అలాగే తగిలించాం.

ఆ రోజు నుంచి ఆవిడ మా పనిలో భాగస్తురాలు. కొట్టునుంచి చిన్న చిన్న పొట్లాలు రావడం మొదలైంది. రవికలకి కుట్టే అన్నిటికన్నా చిన్న టిచ్ బటన్లు స్కూటర్లకి చక్రాలయ్యాయి. హుక్కులు హ్యాండిళ్లయ్యాయి. వెండి రంగు చమ్కీలు దీపాలు. నల్ల దారం స్తంభాల మధ్య కరెంటు తీగ. పొద్దున్నే నేను ఆఫీసుకి దిగుతుంటే మెట్ల దగ్గర నిలబడి, "పాపా, రెండు స్కూటరు అయింది, ఒకటి ఎర్రది," అని చెప్పేది. సాయంత్రం దాకా నా చేతులు ఊరుకునేవి కావు. ఆఫీసులో గుండుసూదులు చూసినా ఇవి దేనికి పనికొస్తాయా అనే ఆలోచనే.

ఒకరోజు ఆవిడ గేటు పక్కన ఖాళీ జాగా చూపించి, "ఈడ నా కొట్టు పెట్టు," అంది.

"అసలు గేటు దగ్గర మీ కొట్టు లేదు కదా పెద్దమ్మా. బజారులో ఉంది."

"మీ రైలుకి డీజిల్ ఉండాదా? లేదు గదా. అట్నే."

కొట్టు కట్టాను. బోర్డు తమిళంలో రాశాక, "తెలుగులో కూడా రాయి," అంది. ‘దారాలు గుండీలు’ అని రాసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది. "ఇదేంది, ఇట్టా సుళ్లు తిరిగి ఉండాది," అని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి అడిగింది. నేను చెప్పాను. ఇంట్లో పుట్టినప్పట్నుంచి మాట్లాడే మాటలు కంటికి ఎలా ఉంటాయో ఆవిడ చూడడం అదే మొదలు. తర్వాత నేను పైన గిన్నెలు తోముకుంటుంటే, హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించేది. దా, రా, లు.

గేటు కర్ర దగ్గర నాకూ మా ఆయనకీ మాట పట్టింపు వచ్చింది. మూసి ఉన్నట్టు అతికించేద్దాం అని ఆయన. పడాలి, లేవాలి అని నేను. పడని గేటు గేటేమిటి? ఆయన మోటార్ల గురించి ఏదో చెప్పబోతే పెద్దమ్మ కొట్టునుంచి ఖాళీ దారపు కండెలు తెప్పించింది. బల్ల కింద రెండు కండెలు బిగించి, వాటి మీదుగా గట్టి దారం పోనిచ్చి, గేటు కర్రల వెనక చివర్లకి కోటు గుండీలు బరువుగా కట్టాం. కర్రలంటే చీపురుపుల్లలే, ఎరుపూ తెలుపూ వేశాను. దారం లాగి కొక్కేనికి తగిలిస్తే రెండు వైపులా కర్రలు దిగాయి. వదిలితే గుండీల బరువుకి లేచాయి. మొదటిసారి అవి కలిసి దిగినప్పుడు మేం ముగ్గురం బల్ల కింద తలలు పెట్టి ఉన్నాం, ఎవరమూ పైన ఏం జరిగిందో చూడలేదు. మళ్లీ చేయాల్సి వచ్చింది. ఆ సాయంత్రమంతా అదే పని, గేటు దించడం, రైలు నడపడం, గేటు ఎత్తడం. పొయ్యి మీద అన్నం మాడిపోయింది.

మా వీధి చివర బడిలో ఏటా పిల్లలవీ పెద్దలవీ చేతిపనులు ప్రదర్శనకి పెడతారు. పెద్దమ్మ చెల్లెలి కోడలు అక్కడ టీచరు. మాకు చెప్పకుండానే పెద్దమ్మ మా పేరు ఇచ్చేసింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు, భయంతో కాదు, సంబరంతో. ప్రదర్శన రోజు పొద్దున వ్యాను వచ్చింది. బల్ల నాలుగు మూలలా పట్టుకుని ఎత్తాం. పక్కకి వాల్చి గుమ్మం దాటించాం. మెట్ల మలుపు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ఎటు తిప్పినా పట్టదు. గదిలో కట్టుకుంటూ పోయామే గానీ, బయటికి తీయాల్సి వస్తుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

"మధ్యకి కోసేద్దామా?" అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

"కత్తి తెచ్చినవాడి చెయ్యి విరగ్గొడతా," అంది కింద నుంచి పెద్దమ్మ. "బాల్కనీ లేదా? తాడు కట్టి దించండి."

కొట్లో పనిచేసే ఇద్దరు మనుషులు కొబ్బరితాళ్లతో వచ్చారు. బల్లని దుప్పట్లతో చుట్టి, నాలుగు వైపులా కట్టి, బాల్కనీ మీదుగా వదిలారు. నేను కింద చేతులు చాపి నిలబడ్డాను, ఏదో నేను పట్టుకోగలిగినట్టు. పుదుచ్చేరి రైల్వే గేటు రెడ్డియార్‌పాళయం వీధిలో గాల్లో వేలాడుతోంది. వచ్చేపోయే స్కూటర్లు ఆగాయి. పాలవ్యాను ఆగింది. దాని వెనక బండ్లన్నీ హారన్లు కొట్టడం మొదలుపెట్టాయి. పెద్దమ్మ నడిరోడ్డు మీద చెయ్యెత్తి నిలబడి, "ఉండండయ్యా, రైలు వస్తా ఉండాది," అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. దుప్పటి సందులోంచి టూత్‌పేస్టు బస్సు జారి పక్కింటి మందారచెట్టులో పడింది. తక్కినదంతా క్షేమంగా నేల మీదికి దిగింది. నేను పరిగెత్తి బస్సు ఏరుకొచ్చాను.

బడి హాల్లో మా బల్లకి ఒక మూల ఇచ్చారు. మొదట నలుగురైదుగురే వచ్చారు. గేటు దించి రైలు నడిపేసరికి ఆ చప్పుడుకి ఇంకొంతమంది. కాసేపటికి మా చుట్టూ ఊపిరాడలేదు. అందరికీ ఆ గేటు తెలుసు. అందరూ దాని దగ్గర ఎప్పుడో ఒకప్పుడు ఎండలో మాడినవాళ్లే. "ఇదిగో బోండాల గొడుగు" అని ఒకరు, "కిందనుంచి దూరేవాడు చూడు, అచ్చం మా తమ్ముడే" అని ఒకరు. చేతికి తగిలించిన హెల్మెట్ చూసి ఒక పోలీసాయన కూడా నవ్వాడు. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని తన కొట్టు దగ్గరే నిలబడి, వచ్చినవాళ్లందరికీ బోర్డు మీద వేలు పెట్టి చదివి వినిపించింది. తెలుగు తెలియనివాళ్లకి కూడా.

జనం బాగా ఉన్నప్పుడే అది జరిగింది. గేటు పడింది, రైలు పోయింది, నేను కొక్కెం నుంచి దారం వదిలాను. గేటు లేవలేదు. మళ్లీ లాగి వదిలాను. కర్రలు అలాగే ఉన్నాయి. మా ఆయన బల్ల కింద దూరారు. లోపల చీకటి, దారం కండె మీంచి పక్కకి జారి ఇరుక్కుంది, ఆయన వేళ్లు పట్టడం లేదు. అందరూ మూసిన గేటు వైపే చూస్తున్నారు.

జనంలో వెనకనుంచి ఎవరో నోటితో మెల్లగా హారను కొట్టారు. పాం.

ఇంకొకరు అందుకున్నారు. తర్వాత హాలంతా. పెద్దవాళ్లు, టీచర్లు, చంకలో పిల్లలున్నవాళ్లు, స్కూటరు హారన్లు, లారీ హారన్లు, రకరకాల బస్సు హారన్లు. నిజం గేటు దగ్గర కూడా నేనంత గోల వినలేదు. నేను ముందు బిత్తరపోయి, తర్వాత కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. గాజులకి తగిలించుకున్న పిన్నీసు ఒకటి తీసి, చీర కుచ్చెళ్లు దోపుకుని, ఆ వయసులో మోకాళ్ల మీద బల్ల కిందికి దూరింది.

"జరుగు తంబీ."

ఒక్క క్షణం. పిన్నీసు మొనని కొక్కెంలా పెట్టి దారాన్ని కండె మీదికి లాగింది. రెండు చీపురుపుల్లలూ ఒక్కసారిగా పైకి లేచాయి. హాలు దద్దరిల్లింది. ఆవిడ బల్ల కిందనుంచి బయటికొచ్చి జుట్టు సర్దుకుంటుంటే, ఎవరో మళ్లీ గేటు వేయమని అడిగారు. సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నారు, పదే పదే. హారన్లు కూడా ఆగలేదు.

తిరిగొచ్చాక బల్లని మళ్లీ తాళ్లతో పైకి లాగే ఓపిక ఎవరికీ లేదు. "ఈడనే ఉండనీ," అని పెద్దమ్మ తన హాల్లో దివాను కాట్ జరిపించి చోటు చేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మా రైలు చూసుకోవడానికి మేం వాళ్ల తలుపు తడుతున్నాం. మేం ఆఫీసులకి పోయాక పగలంతా నడిపేది ఆవిడే. కూరలమ్మే ఆమె, పక్కింటి వాళ్లు, కొట్టునుంచి అన్నం క్యారియరు కోసం వచ్చే మనిషి, ఎవరొచ్చినా రైలు పోయేదాకా నిలబడాల్సిందే. మా ఆయన కొంచెం కుళ్లుకున్నారు గానీ, ఆవిడ ఆయన్ని స్టేషను కట్టే పనిలో పెట్టాక సర్దుకున్నారు.

మొన్న ఆదివారం నేను వంట చేస్తుంటే ఫోను మోగింది. పెద్దమ్మ. కడలూరు వైపు బంధువుల ఇంటికి ఆటోలో పోతూ గేటు దగ్గర ఆగిపోయిందట. వెనక ఒకటే హారన్లు.

"పాపా, గూడ్సు పోతాంది, పెద్దది. నిదానంగా పోతాంది, బాగుండాది. ఈడ గేటు గది నీడలో కుక్క ఒకటి పడుకోని ఉండాది. ఇంత గోలలో కూడా లేవడం లేదు. మనం దాన్ని పెట్టలేదే."

నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఏ రంగు కుక్క అని అడిగాను.